ఖమ్మం సంఘటన తరువాత హెచ్‌పీవీ టీకాను నమ్మవచ్చా?

భద్రాచలం అమ్మ:
మా అమ్మాయికి పన్నెండేళ్లు నిండాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా, దానికి కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్‌ను అడ్డుకునే టీకా వేయించమని పిల్లల డాక్టరుగారు చెప్పారు. అయితే 2009లో ఇదే టీకాను మా ప్రాంతపు ఆశ్రమ పాఠశాలల పిల్లలకు వేశారనీ, తరువాత కొందరు చనిపోయారనీ గుర్తుచేసి, మా అత్తగారు వద్దంటే వద్దని పట్టుబట్టారు. పిల్లలు చనిపోయిన మాట నిజమే కనుక ఆమె భయాన్ని కొట్టిపారేయలేకపోతున్నాను. ఏమి చూసి నిర్ణయించుకోవాలి?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
మీ అత్తగారి జ్ఞాపకం తప్పు కాదండీ. అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14 వేల మంది బాలికలకు గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేశారు. ఇదే కార్యక్రమం జరిగిన గుజరాత్‌తో కలిపి ఏడుగురు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. ఒకరు నీట మునిగి, ఒకరు పాముకాటుతో, ఇద్దరు పురుగుమందు తాగి, మరొకరు మలేరియాతో పోయారని విచారణ సంఘం తేల్చింది. మిగిలిన ఇద్దరి విషయంలోనూ టీకాతో సంబంధం ఉండే అవకాశం తక్కువని చెప్పింది. అసలు తప్పు వేరే చోట జరిగింది: పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. నా దృష్టిలో అది టీకా దోషం కాదు, పెద్దల దోషం.

గోదావరి గట్టు:
మాస్టారూ, ఆ రెండింటినీ అంత సులువుగా విడదీయలేమండీ. సూది వేసిన సంగతే ఇంట్లో వాళ్లకు తెలియకపోతే, వారం తరువాత జ్వరం వచ్చిందని ఎవరు చెబుతారు, ఎవరికి చెబుతారు? అంగీకారం కూడా భద్రతలో భాగమే.
ఇక అమ్మగారూ, రెండో వైపు తూకమూ చూడండి. 2020లో మన దేశంలో ఈ క్యాన్సర్‌తో సుమారు 77 వేల మంది స్త్రీలు మరణించారని అంచనా. స్కాట్లాండ్‌లో పన్నెండు, పదమూడేళ్ల వయసులో టీకా వేయించుకున్న తొలి తరం ఆడపిల్లల్లో ఈ క్యాన్సర్ ఒక్కరికీ రాలేదని 2024లో ప్రచురించారు. చెయ్యి నొప్పి, కొద్దిపాటి జ్వరం మామూలే. ఈ వయసు పిల్లలు సూదికే కళ్లు తిరిగి పడిపోతుంటారు కనుక పావుగంట కూర్చోబెట్టే పంపమనండి. తీవ్రమైన అలర్జీ అరుదే అయినా, అమ్మాయికి మునుపు అలాంటిదేమైనా వచ్చి ఉంటే ముందే చెప్పండి. టీకా అన్ని రకాల హెచ్‌పీవీ వైరస్‌లనూ ఆపదు. కనుక ముప్పై దాటాక ఈ క్యాన్సర్ పరీక్షలు తప్పవు.

భద్రాచలం అమ్మ:
ఇద్దరికీ కృతజ్ఞతలు. వార్డెన్ల సంతకాల సంగతి చదివి వినిపిస్తే, మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. డాక్టరుగారి దగ్గరకు తానూ వస్తానన్నారు. కాగితం ఆమె పూర్తిగా విన్నాకే సంతకం పెడతాను.