చర్చ: ఫాల్అవుట్ 4 వీడియో గేమ్‌లో రగ్గు గ్లిచ్‌తో మేడ కడితే అది మోసమా?

సాంక్చురీ మేస్త్రి:
ఆటలోని సాంక్చురీ హిల్స్ ఊళ్లో పాత ఇంటి మీద రెండో అంతస్తు వేస్తున్నా. పాత గోడకీ కొత్త గోడకీ మధ్య జానెడు సందు. దగ్గరికి జరిపితే గోడకి ఎరుపు రంగొచ్చి ఆట పెట్టనివ్వదు. రగ్గు గ్లిచ్‌తో (ఆటలోని లోపాన్ని వాడుకునే చిట్కా) సందు పూడ్చా. ఫ్రెండ్స్ గ్రూప్‌లో ఒకతను ‘ఇది చీటింగ్’ అన్నాడు. మీరేమంటారు?

కాంక్రీట్ బాబు:
ఆ ఫ్రెండ్‌ని నేనే! చీటింగే మరి. ఎరుపంటే వద్దనే అర్థం. ఆ సందుతోనే అందంగా కట్టడంలో ఉంది పనితనం.

గ్రీన్ లైన్:
తెలియనివాళ్ల కోసం: గోడని రగ్గు మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకుంటే రెండూ కలిసి లేస్తాయి. అప్పుడు ఆట చూసేది రగ్గుకి చోటుందా లేదా అనే. గోడ దేనిలోకి దూరినా పట్టించుకోదు. తర్వాత రగ్గు ఒక్కటీ తీసేయడమే. మోడ్ (ఆటని మార్చే అదనపు ఫైల్) పెడితే ట్రోఫీలు (ఆటలో సాధించినవాటికి వచ్చే గుర్తింపులు) ఆగిపోతాయి బ్రో, రగ్గు వాడితే ఆగవు. గీత ఎక్కడుందో ఆటే చెప్తోంది కదా. పీసీ వాళ్లకి ఎక్కడైనా పెట్టనిచ్చే ప్లేస్ ఎవ్రీవేర్ మోడ్ ఉంది. మా పీఎస్4 కన్సోల్ వాళ్లకి ఈ రగ్గే దిక్కు.

కాంక్రీట్ బాబు:
ట్రోఫీ ఆగకపోతే ఒప్పయిపోతుందా? తుపాకులు నేల మీద పడేసి, వర్క్‌షాప్‌లో స్టోర్ చేసి, ఇంకా ఎంత కట్టొచ్చో చూపే సైజు మీటర్ తగ్గిస్తారు. దానికీ ట్రోఫీ ఆగదు.

మెట్లెక్కని సెటిలర్:
మోసమా కాదా తర్వాత, ముందు పైకి ఎక్కేదెవరు? పుస్తకాల అల్మారాలు ఒకదాని మీద ఒకటి పేర్చి మెట్లలా చేసిన మేడలు చాలా చూశా. మనం గెంతుకుంటూ వెళ్తాం. సెటిలర్లకి (ఆటలో ఊళ్లో ఉండే జనానికి) మాత్రం ఆ దారి కనిపించదు, ఎందుకంటే నడిచే దారి ఆటలోని ఫ్లోర్లకి, మెట్లకే ఉంటుంది, అల్మారాలకి ఉండదు. పైన పది మంచాలేసినా కింద నిలబడి చూస్తుంటారు. (ఫాస్ట్ ట్రావెల్‌తో, అంటే మ్యాప్ మీద నొక్కి నేరుగా వస్తే మాత్రం అందరూ కప్పు మీదే ఉంటారు, అదెలాగో ఆట చేసిన బెథెస్డానే చెప్పాలి!) గోడలకి, అలంకారానికి రగ్గు వాడండి, తప్పులేదు. మెట్లు మాత్రం అసలువి వేయండి అన్నా.

సాంక్చురీ మేస్త్రి:
మెట్లు అసలువే, ఆటలో ఇచ్చిన షాక్ (గుడిసె రకం) మెట్లు. గోడ ఒక్కటే రగ్గుది.

కాంక్రీట్ బాబు:
అయితే సగం చీటింగ్. సరే, స్క్రీన్‌షాట్ ఇక్కడ కూడా పెట్టు, సందు కనిపిస్తోందేమో చూద్దాం.