‘చదివితిఁ దండ్రీ’యా, ‘చదివితి తండ్రీ’యా?

ప్రశ్న: నెలాఖరున నాన్నగారి పదవీ విరమణ. తెలుగు పండితులు. పిల్లల తరఫున ఇచ్చే సన్మానపత్రంలో పైన పోతన భాగవతంలోని ప్రహ్లాదుడి కందం ‘చదివించిరి నను గురువులు’ వేయిద్దామని. చివర ‘తండ్రీ’ ఉండాలా, ‘దండ్రీ’ ఉండాలా? రెండూ చెవిలో ఉన్నాయి. రేపు ప్రెస్సుకివ్వాలి. (కింద జవాబిచ్చినవారివన్నీ కలంపేర్లే.)

తేటగీతి: రెండూ ఉంటాయండీ, పద్యాలే రెండు కదా. ‘చదువని వాఁ డజ్ఞుండగు’ అన్నది హిరణ్యకశిపుడు కొడుకుతో. అది ‘చదువుము తండ్రీ’ అని ముగుస్తుంది. చదువుము కళ, అంటే చివర నకారం లేని మాట; దాని మీద సరళాదేశం (‘త’ ‘ద’గా మారడం) రాదు. మీకు కావలసింది కొడుకు జవాబు. చదివితిని ద్రుతాంతం (చివర నకారం ఉన్న మాట) కనుక దకారమే:

చదివించిరి నను గురువులు
చదివితి ధర్మార్థ ముఖ్య శాస్త్రంబులు నేఁ
జదివినవి గలవు పెక్కులు
చదువులలో మర్మ మెల్లఁ జదివితిఁ దండ్రీ!

శకటరేఫ: దకారం సరే, ప్రమాదమంతా అరసున్న(ఁ)తో. యూనికోడ్ నుంచి పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చేటప్పుడు అది ఎగిరిపోవచ్చు, నిండుసున్నగా మారనూవచ్చు. ఎగిరిపోతే ఛందస్సుకు నష్టం లేదు. నిండుసున్న పడితే ‘చదివితిం’ ఐదు మాత్రలై నలం (నాలుగు లఘువుల గణం) చెడుతుంది. ‘మెల్లం’ అయిందా, ఆరో గణంలో జగణం (లఘువు, గురువు, లఘువు) కాస్తా చివర కూడా గురువొచ్చి యగణమవుతుంది. ప్రూఫులో ‘నేఁ’, ‘మెల్లఁ’, ‘తిఁ’ మూడూ పెద్దవి చేసి చూడండి.

గసడదవ: సభలో చదివేది పిల్లలైతే ‘మర్మమెల్ల చదివితి తండ్రీ’ అనే వేయండి. వాళ్ల నోట నలిగిన రూపమదే. యతికీ (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన మైత్రికీ) ఇబ్బంది లేదు.

తేటగీతి: చకారానికి జకారంతోనూ మైత్రి ఉంది. యతి మీ వైపు సాక్ష్యం చెప్పదు. ఏదో ఒక పద్ధతి పట్టుకోండి. ‘నే చదివినవి’ అని వేసి చివర ‘దండ్రీ’ ఉంచితే పండితులైన నాన్నగారి కళ్లు ముందు అక్కడే ఆగుతాయి.

జగణం: అంతకన్నా పెద్ద చిక్కుంది. ఆ ‘మర్మం’ ఏమిటో వెంటనే ‘తనుహృద్భాషల సఖ్యమున్’ పద్యంలో ప్రహ్లాదుడు నవవిధ భక్తిగా విప్పుతాడు. రాజు మండిపడితే, ఇది నేను నేర్పింది కాదు, ఇంకొకరు నేర్పిందీ కాదు అని చదువు చెప్పిన గురుపుత్రుడే మొరపెట్టుకుంటాడు. గురువు నేర్పని మర్మాన్ని గురువు సన్మానపత్రంలో వేస్తామా?

శకటరేఫ: ఒప్పుకోను. పద్యం ఎత్తుగడే ‘చదివించిరి నను గురువులు’. మర్మం సొంతంగా పట్టినవాడు కూడా తొలి మాట చదివించినవాళ్లకే ఇచ్చాడు. మాస్టారికి అంతకు మించిన మర్యాద ఏముంది?

తేటగీతి: గురువూ తండ్రీ ఇద్దరూ కావాలంటే ప్రహ్లాదుడిదే ‘కమలాక్షు నర్చించు’ సీసం చివరి ఎత్తుగీతి ఉండనే ఉంది: ‘కుంభినీధవుఁ జెప్పెడి గురుఁడు గురుఁడు / తండ్రి! హరిఁ జేరు మనియెడి తండ్రి తండ్రి!’ ఒక్కో మాటను రెండోసారి అంటూ దానికి యోగ్యత కట్టడం పోతనకే చెల్లింది.

జగణం: అది హరిభక్తికే కట్టిన యోగ్యత. విరమణ సభకు మరీ దూరం.

గసడదవ: ఆ మొదటి ‘తండ్రి!’ ఎవరి పిలుపు? ప్రహ్లాదుడు హిరణ్యకశిపుణ్ణి పిలుస్తున్నాడని చాలామంది అంటారు. కొడుకును ‘తండ్రీ, హరిని చేరు’ అని బుజ్జగించే తండ్రి మాటగా నేను చదువుతాను. ‘చదువుము తండ్రీ’లో ఉన్న పిలుపూ అదే కదా.

తేటగీతి: అలాగైతే ఆ మాటకు కొటేషన్ గుర్తులు పెట్టాలి. అచ్చులో ఎక్కడైనా చూశారా?

గసడదవ: పోతన కొటేషన్లు పెట్టలేదండీ. ఆశ్చర్యార్థకమూ పెట్టలేదు.