అప్‌డేట్: పరీక్ష ఫలితం వచ్చింది

జననాంగం మీద నీటిపొక్కులు వచ్చాయని, మా ఆవిడ నన్ను అనుమానిస్తోందని పోయిన నెల ఇక్కడ రాశాను. డాక్టరును కలవమన్నారు మీరు. అమలాపురంలో తెలిసినవాళ్లు కనిపిస్తారని రాజమహేంద్రవరం బస్సెక్కాను. రావులపాలెం దగ్గర గౌతమి వంతెన దాటుతున్నంతసేపూ దిగిపోదామనే అనిపించింది.

డాక్టరు పొక్కు నుంచి దూదిపుల్లతో నమూనా తీసి పంపారు. హెర్పీసే, హెచ్‌ఎస్‌వి-1 రకం. పెదవి మీద పొక్కులు తెచ్చే వైరస్ ఇదేనట. నోటి నుంచి జననాంగాలకూ అంటుకుంటుంది. మా ఆవిడకు జ్వరం వచ్చినప్పుడల్లా పెదవి చివర పొక్కులు లేస్తాయి. వేడి చేసిందని కొబ్బరినూనె రాసుకునేది. ఇన్నేళ్లూ మాకు తట్టనేలేదు.

పొక్కులు లేనప్పుడూ ఇది అంటుకోగలదు. నరాల్లో ఏళ్ల తరబడి దాగి ఉంటుంది కాబట్టి ఎప్పుడు సోకిందో తేల్చడం కష్టం. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. పుండ్లున్న రోజుల్లో దూరంగా ఉండాల్సిందే. తువ్వాళ్లతో, మరుగుదొడ్డితో రాదన్నారు. నెల రోజులుగా నా లుంగీలు నేనే విడిగా ఉతుక్కున్నాను మరి!

ఎసైక్లోవిర్ వాడుతున్నాను. వైరస్‌ను పూర్తిగా పోగొట్టదు కానీ పుండ్లు త్వరగా మానతాయి.

మా ఆవిడ రిపోర్టు రెండుసార్లు చదివింది. రాత్రి అన్నం వడ్డిస్తూ, "ఈసారి నేనూ వస్తానండీ" అంది.