డిసెంబర్ ‘నట్‌క్రాకర్’ ప్రయాణం: ఎవరెవరు ఏ పని తీసుకుంటారో ఇక్కడ రాయండి

కోఆర్డినేటర్, నవంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. డిసెంబర్ రెండో ఆదివారం మ్యాటినీకి శాన్‌ఫ్రాన్సిస్కో వార్ మెమోరియల్ ఒపేరా హౌస్‌కి ‘నట్‌క్రాకర్’ బ్యాలే (మాటల్లేకుండా సంగీతంతో, నాట్యంతో చెప్పే కథ) చూడటానికి కలిసి వెళ్దామని అనుకున్నాం కదా. ఇప్పటిదాకా పదకొండు కుటుంబాలు పేర్లిచ్చాయి, మొత్తం 43 మంది. వాళ్లలో ఇండియా నుంచి వచ్చి ఉన్న అమ్మమ్మలు, తాతయ్యలు, నాయనమ్మలు తొమ్మిది మంది. ఈ పోస్ట్ ముఖ్యంగా ఆ తొమ్మిది మంది కోసం.

రెండేళ్ల కిందట మా అమ్మను ఇదే బ్యాలేకి తీసుకెళ్లాను. ఆవిడ రెండు గంటలు ఓపిగ్గా కూర్చుంది, బాగుందనే అంది. ఇంటికొచ్చేటప్పుడు కార్లో మెల్లగా అడిగింది, “ఆ పిల్ల చెప్పు తీసి ఎందుకు విసిరిందే?” అని. అంటే కథ మధ్యలోనే ఆవిడకు దారి తప్పింది, మేమెవరం గమనించలేదు. మా అమ్మాయికి కథంతా తెలుసు, కానీ అమ్మమ్మకు తెలుగులో చెప్పడానికి మాటలు రాలేదు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వేరు వేరుగా చూశారు. అది నాకు ఇప్పటికీ బాధే.

అందుకే ఈసారి టికెట్లు కొని బస్సెక్కించి వదిలేయకుండా, ముందు రోజు శనివారం మనం ఎప్పుడూ తీసుకునే హాల్లో గంటన్నర కూర్చుందాం. కథ, సంగీతం, ఆ సంగీతం రాసిన పెద్దాయన గురించి, అన్నీ తెలుగులో. చెప్పేది మనం కాదు, పిల్లలు. వినేది పెద్దవాళ్లు. పిల్లలకు మాటలు అందించడమే మన పని. ఎవరెవరు ఏమేం చేయగలరో రాయండి.

—

సీనియర్ సభ్యులు, నవంబర్ 3, రాత్రి 10:25

అమ్మా, ఆలోచన మంచిదే. ఒక సందేహం మాత్రం మనసులో ఉంచుకోకుండా అడుగుతున్నాను. మన హాలుకి సంవత్సరానికి దొరికే రోజులే కొద్ది. జనవరిలో సంక్రాంతి ఉంది, బొమ్మల కొలువు ఉంది. బ్యాలే గురించి బడిలో చెప్తారు, టీవీలో వస్తుంది. మన పూట దానికి ఇవ్వాలా?

—

కోఆర్డినేటర్, నవంబర్ 3, రాత్రి 11:10

అంకుల్ గారూ, అడిగినందుకు సంతోషం. నేనూ చాలాసేపు ఆలోచించాను.

బడిలో ఇంగ్లిష్‌లో చెప్తారు. అమ్మమ్మకు ఎవరూ చెప్పరు. మన పిల్లలు తెలుగులో మాట్లాడేది అన్నం గురించి, హోంవర్క్ గురించి. ఒక కథను మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చెప్పే అవకాశం వాళ్లకు ఏడాదిలో ఎన్నిసార్లు వస్తుంది? వాళ్లకు ఇష్టమైన కథతో మొదలుపెడితే నోరు తిరుగుతుంది.

ఇంకో మాట. ఇది రాత్రిపూట బొమ్మలు ప్రాణం పోసుకునే కథ. బొమ్మల కొలువు పేర్చిన ఇంట్లో పెరిగిన వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చిన్నప్పుడు మనందరం అనుకున్నదే కదా, దీపం ఆర్పాక మెట్ల మీద బొమ్మలు ఏం చేస్తాయో అని.

—

సీనియర్ సభ్యులు, నవంబర్ 4, ఉదయం 7:05

సరేనమ్మా. ఆ మాట బాగుంది. హాలు తాళాలు నేను తెస్తాను. ప్రొజెక్టర్ కూడా.

—

తెలుగు బడి టీచర్, నవంబర్ 4, ఉదయం 8:30

కథ చెప్పే పని నాకివ్వండి. ఆరుగురు పిల్లలకు ఆరు ముక్కలుగా పంచుతాను.

మన ఊళ్లో చూడబోయే ప్రదర్శనలో కథ జర్మనీలో కాదు, 1915 నాటి శాన్‌ఫ్రాన్సిస్కోలో, పెద్ద ఎగ్జిబిషన్ జరిగిన ఏడాదిలో నడుస్తుంది. నాట్య దర్శకుడు హెల్గీ టొమాసన్ 2004లో అలా మార్చి కూర్చారు. అసలు కథ 1816లో జర్మన్ రచయిత హాఫ్‌మన్ రాసింది. దాన్ని ఫ్రెంచ్‌లో ద్యూమా కాస్త మెత్తబరిచి చెప్పాడు, బ్యాలేకి వాడుకున్నది ఆ రూపాన్నే. చిన్న చిన్న సంగతులు ఒక్కో ప్రదర్శనలో ఒక్కోలా ఉంటాయి, మామూలుగా చెప్పుకునే కథ మాత్రం ఇది. క్రిస్మస్ ముందు రాత్రి విందు. మేనమామలా ముద్దు చేసే డ్రోసెల్‌మేయర్ అనే పెద్దమనిషి ఆ ఇంటి పిల్ల క్లారాకు ఒక చెక్కబొమ్మ, అదే నట్‌క్రాకర్, ఇస్తాడు. అర్ధరాత్రి ఎలుకల రాజు దండెత్తి వస్తాడు, చెట్టు పెరుగుతూ పోతుంది, బొమ్మ సైనికులు యుద్ధం చేస్తారు. బొమ్మ ఓడిపోబోతుంటే క్లారా తన చెప్పు తీసి ఎలుకల రాజు మీదికి విసురుతుంది. బొమ్మ రాకుమారుడవుతాడు. మీ అమ్మగారు అడిగిన ప్రశ్నకు జవాబు అదే అక్కా. ఆ ముక్కను మీ అమ్మాయికే ఇస్తాను.

పేర్ల దగ్గర సాయం కావాలి. నట్‌క్రాకర్‌ను తెలుగులో ఏమందాం?

—

భోజనాల టీమ్, నవంబర్ 4, ఉదయం 9:15

అడకత్తెర! మా నాయనమ్మది ఇత్తడిది నా దగ్గరుంది, చిలక ఆకారంలో ఉంటుంది. వక్కలు కత్తిరించేది. ఆ జర్మన్ బొమ్మ నోరు తెరిచి అక్రోటు కాయ పగలగొడుతుంది, ఇది రెండు చేతుల మధ్య వక్కను కత్తిరిస్తుంది. పని ఇంచుమించు ఒకటే, రెండింటికీ బొమ్మ రూపం ఇచ్చారు. శనివారం తెస్తాను. పిల్లలు ముట్టుకొని చూడొచ్చు, పక్కన పెద్దవాళ్లు ఉండాలి, అంచు పదును.

—

తెలుగు బడి టీచర్, నవంబర్ 4, ఉదయం 9:22

అక్కా, ఇంతకంటే మంచి మొదలు ఉండదు. ‘అడకత్తెరలో పోకచెక్క’ సామెత కూడా అక్కడే నేర్పించేస్తాను. రెండో అంకంలో మిఠాయిల రాజ్యాన్ని ఏలే ‘షుగర్ ప్లమ్ ఫెయిరీ’కి కూడా ఒక పేరు చెప్పండి. ‘పంచదార రేగుపండు’ అని ఎవరో పెట్టారు, నాకు నచ్చలేదు.

—

భోజనాల టీమ్, నవంబర్ 4, మధ్యాహ్నం 12:40

అందులో పండేమీ లేదండి. షుగర్ ప్లమ్ అంటే పాత రోజుల్లో గింజ మీద పొరలు పొరలుగా పంచదార పూసి చేసిన మిఠాయి. సోంపు గింజ, బాదం పప్పు, ఇలాంటివి. భోజనం అయ్యాక హోటల్లో గిన్నెలో పెట్టే రంగురంగుల తీపి సోంపు ఉంది చూడండి, దానికి అక్కలాంటిది. కాబట్టి ‘తీపి సోంపు దేవకన్య’ అందామా, లేక ‘పంచదార పలుకుల దేవకన్య’ అందామా?

రెండో అంకమంతా మిఠాయిల రాజ్యమే. స్పానిష్ నాట్యం చాక్లెట్, అరేబియన్ నాట్యం కాఫీ, చైనా నాట్యం టీ. అందుకని శనివారం పిల్లలకు తలా ఒక చిన్న పొట్లంలో తీపి సోంపు, పెద్ద పళ్లెంలో పూతరేకులు, కాజాలు, సున్నుండలు పెడతాను. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు వేయించిన శనగలు, మరమరాలు వేరుగా.

—

తెలుగు బడి టీచర్, నవంబర్ 4, మధ్యాహ్నం 1:05

‘పంచదార పలుకుల దేవకన్య’ ఖాయం. వినడానికే తియ్యగా ఉంది.

—

సంగీతం టీచర్, నవంబర్ 5, రాత్రి 8:50

ఆలస్యంగా రాస్తున్నాను, రెండు రోజులుగా ఇదే వింటున్నాను. నాకు అరగంట కావాలి, దయచేసి కోత పెట్టకండి.

ఈ సంగీతం రాసిన చైకోవ్‌స్కీ 1840లో రష్యాలోని వోట్కిన్‌స్క్ అనే ఊళ్లో పుట్టారు. లా చదివి, న్యాయశాఖలో గుమాస్తా ఉద్యోగం చేసి, అది వదిలేసి సంగీతంలోకి వచ్చిన మనిషి. మన పిల్లల తల్లిదండ్రులు ఇది వింటే మంచిది. ఈ బ్యాలే రాయమని 1891లో సెయింట్ పీటర్స్‌బర్గ్ రాజ నాటకశాలల డైరెక్టర్ వ్సెవొలోజ్‌స్కీ అడిగారు. అంతకు ముందు వీళ్లు కలిసి చేసిన ‘స్లీపింగ్ బ్యూటీ’ బాగా ఆడింది. నాట్యగురువు మారియుస్ పెతిపా ఏ సన్నివేశానికి ఎన్ని గతుల సంగీతం కావాలో, అది ఎలా ఉండాలో లెక్కగట్టి ఇచ్చారు. తర్వాత పెతిపాకు ఒంట్లో బాగాలేక, నాట్యాలు కూర్చే పని ఆయన సహాయకుడు లెవ్ ఇవానోవ్ మీద పడింది.

ఆ వసంతంలో చైకోవ్‌స్కీ అమెరికా ప్రయాణంలో ఉన్నారు. న్యూయార్క్‌లో ఇప్పుడు కార్నెగీ హాల్ అంటున్నాం కదా, మే 5న దాని ప్రారంభోత్సవంలో తన సంగీతాన్ని స్వయంగా నడిపించారు. ఓడ ఎక్కేముందు పారిస్‌లో ఉండగా, చెల్లెలు అలెక్సాంద్ర పోయిందన్న వార్త పత్రికలో చదివారు. ఆవిడ పిల్లలంటే ఆయనకు ప్రాణం, ఎన్నో వేసవులు వాళ్లింట్లోనే గడిపారు. ఆ దుఃఖం లోపల పెట్టుకొని, పిల్లల పండగ గురించి ఇంత వెలుగున్న సంగీతం రాశారు. దీన్ని పిల్లలకు ఎలా చెప్పాలో నేను చూసుకుంటాను, పెద్దవాళ్లకు మాత్రం తప్పకుండా చెప్పాలి.

పారిస్‌లోనే ఆయన సెలెస్టా అనే కొత్త వాద్యం విన్నారు. చూడటానికి చిన్న పియానోలా ఉంటుంది, లోపల తీగలు ఉండవు, చిన్న సుత్తులు ఉక్కు పలకల్ని కొడతాయి. జలతరంగం విన్న చెవికి ఆ శబ్దం వెంటనే దగ్గరవుతుంది. దాన్ని రష్యాకు గుట్టుగా తెప్పించమని తన ప్రచురణకర్తకు ఉత్తరం రాశారు. తోటి రష్యన్ స్వరకర్తలు రిమ్‌స్కీ-కోర్సకోవ్, గ్లజునోవ్‌లకు తెలిస్తే ముందే వాడేస్తారని ఆయన భయం. మన పంచదార పలుకుల దేవకన్య నాట్యంలో వినిపించేది ఆ సెలెస్టానే.

శనివారం వినిపించేవి ఇవి. మొదట ఓవర్చర్, అంటే కథ మొదలయ్యే ముందు వచ్చే సంగీతం, అందులో చెల్లోలు, డబుల్ బాస్‌లు అనే పెద్ద తీగ వాద్యాలు లేవు, లావు శబ్దాలు తీసేశారు, అందుకే బొమ్మల ఇంట్లోకి తొంగిచూసినట్టుంటుంది. తర్వాత మంచు వాల్ట్‌జ్, మూడు లెక్కల నాట్యం. అక్కడ గాయక బృందం మాటల్లేకుండా పాడుతుంది, మనం అకారంతో పాడినట్టే. అరేబియన్ నాట్యం నిజానికి జార్జియా దేశపు జోలపాట మీద కట్టింది. అమ్మమ్మల్ని కళ్లు మూసుకొని వినమంటాను, జోలపాట అని చెప్పకముందే పట్టేస్తారేమో చూద్దాం.

అన్నిటికంటే ముఖ్యమైనది చివర్లో వచ్చే ఇద్దరి నాట్యం. దాని రాగం ఒక్కటే గీత, పైషడ్జం నుంచి కిందికి దిగడం. స ని ద ప మ గ రి స. అంతే. మన శంకరాభరణం అవరోహణ, వక్రం లేకుండా, ఒక్కో మెట్టు. మన పిల్లలు పాడగలిగేదే. చెల్లోలు ఎత్తుకుంటాయి, వెనక హార్ప్ మోగుతుంది, తర్వాత ఆర్కెస్ట్రా మొత్తం ఆ ఎనిమిది మెట్లనే మళ్లీ మళ్లీ దిగుతుంది. నేను ఎన్నిసార్లు విన్నా గొంతు పూడుకుపోతుంది. శనివారం పిల్లల చేత ముందు ఆ అవరోహణ పాడించి, వెంటనే రికార్డు పెడతాను. ఆదివారం ఆ చోటు రాగానే వాళ్లకు తెలిసిపోతుంది.

—

కూచిపూడి టీచర్, నవంబర్ 5, రాత్రి 9:30

మీ పోస్ట్ రెండుసార్లు చదివాను. నా వంతు చిన్నదే. రెండో అంకం మొదట్లో రాకుమారుడు యుద్ధం ఎలా జరిగిందో మాట లేకుండా సైగలతో చెప్పేలా పెతిపా రాసుకున్నారు. అది అభినయమే కదా. నా క్లాసు పిల్లలు నలుగురు ఆ ఘట్టాన్నే మన హస్తాలతో చేస్తారు. రాత్రి అని చూపడానికి పతాక హస్తం చాలు, మొదటి పాఠంలోనే నేర్పాను. అయిదు నిమిషాలు, గజ్జెలు లేకుండా. దీన్ని స్టేజీ ఐటమ్‌గా ప్రకటించొద్దు, పిల్లలు టెన్షన్ పడతారు. పెద్దవాళ్ల ముందు చాప మీద చేస్తారు.

—

రవాణా చూసే సభ్యుడు, నవంబర్ 6, రాత్రి 7:15

మ్యాటినీ 2 గంటలకు. ఇంతకు ముందు వేరే ఊళ్లో ఒక ప్రోగ్రాంకి మనవాళ్లు పార్కింగ్ వెతుక్కుంటూ ఆలస్యమైతే లోపలికి రానివ్వక లాబీలోనే నిలబడ్డారు, పిల్లలు ఏడ్చారు. ఈసారి అలా జరగకూడదు.

నా ప్లాన్. ఉదయం 11 గంటలకల్లా హాల్లో పులిహోర, పెరుగన్నం తినేయాలి, తినుబండారాలు థియేటర్‌లోకి తీసుకెళ్లొద్దు. 11:45కి బయలుదేరాలి. నడవగలిగిన వాళ్లు బార్ట్ రైల్లో సివిక్ సెంటర్ స్టేషన్‌లో దిగితే అక్కడి నుంచి పది పన్నెండు నిమిషాల నడక. పెద్దవాళ్లు తొమ్మిది మందికి మూడు కార్లు, వాళ్లను వాన్ నెస్ ఎవెన్యూ మీద గుమ్మం ముందే దింపి, డ్రైవర్లు గ్రోవ్ స్ట్రీట్ గ్యారేజీకి వెళ్లాలి. డ్రైవర్లు ముగ్గురు కావాలి, నేనొకణ్ని.

డిసెంబర్‌లో అక్కడ చలిగాలి బాగా కొడుతుంది. పెద్దవాళ్లందరూ శాలువా, మంకీ క్యాప్, సాక్సులు వేసుకోవాలి. చీర మీద స్వెట్టర్ ఒక్కటే సరిపోదు.

—

కొత్త సభ్యురాలు, నవంబర్ 6, రాత్రి 8:40

నేను మొదటిసారి రాస్తున్నాను. మా మామయ్యగారు చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపులో కొన్న రష్యన్ కథల తెలుగు పుస్తకాలు ఇప్పటికీ అట్టలు వేసి దాచుకున్నారు. రష్యా అన్న మాట వినగానే ఆయన ఈ ప్రయాణానికి ఒప్పుకున్నారు, లేకపోతే ఎక్కడికీ రారు. శనివారం ఆయన రెండు నిమిషాలు మాట్లాడొచ్చా? ఇంకో ప్రశ్న, ఈ బ్యాలే మొదట్లో ఆడలేదని విన్నాను, నిజమేనా?

—

సంగీతం టీచర్, నవంబర్ 6, రాత్రి 9:20

మామయ్యగారు తప్పకుండా మాట్లాడాలమ్మా. రెండు కాదు, పది నిమిషాలు తీసుకోమనండి.

1892 డిసెంబర్ 18న సెయింట్ పీటర్స్‌బర్గ్ మరీన్‌స్కీ థియేటర్‌లో మొదటి ప్రదర్శన జరిగింది, అదే రాత్రి ఆయన ఒపేరా ‘ఇయొలాంత’ కూడా ఆడింది. స్టేజీ మీద పిల్లలు మరీ ఎక్కువయ్యారని, పెద్ద నర్తకి రెండో అంకం చివరి దాకా నాట్యమే చేయలేదని విమర్శించారు. సంగీతాన్ని మాత్రం మెచ్చుకున్న వాళ్లున్నారు. అందులోంచి కొన్ని ముక్కలు తీసి కూర్చిన సూట్ ఆ ఏడాది మార్చిలోనే కచేరీలో వినిపించి మెప్పు పొందింది. చైకోవ్‌స్కీ ఏడాది తిరక్కుండానే, 1893 నవంబర్‌లో పోయారు. ఈ బ్యాలే ప్రపంచమంతా డిసెంబర్ పండగ అవుతుందని ఆయనకు తెలియదు.

అమెరికాలో దీన్ని పూర్తిగా మొదటిసారి ఆడించింది మన శాన్‌ఫ్రాన్సిస్కో బ్యాలేనే, 1944 డిసెంబర్ 24న, మనం వెళ్లబోయే ఈ ఒపేరా హౌస్‌లోనే. విల్లమ్ క్రిస్టెన్సెన్ కూర్చారు. రష్యాలో చిన్నప్పుడు దీన్ని చూసిన నాట్య కళాకారులు బాలన్‌షీన్, దనీలోవా తమకు గుర్తున్నది ఆయనకు చెప్పారు. గుర్తు ఉన్నవాళ్లు చెబితే విని నిలబెట్టుకున్న కళ ఇది.

—

సీనియర్ సభ్యులు, నవంబర్ 6, రాత్రి 9:55

ఈ చివరి సంగతి నాకు తెలియదు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను, ఆ భవనం ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను. ఒక కారు నేను నడుపుతాను. మా ఆవిడా నేనూ కూడా టికెట్లు తీసుకుంటాం, 45 రాసుకోండి.

—

కోఆర్డినేటర్, నవంబర్ 6, రాత్రి 10:30

రాసుకున్నాను అంకుల్ గారూ. ఇంకా తేలాల్సినవి: మూడో డ్రైవర్ ఒకరు, శనివారం కుర్చీలు వేయడానికి ఇద్దరు, కథ ఒక పేజీలో పెద్ద అక్షరాల తెలుగులో ప్రింటు తీయడానికి ఒకరు. అక్షరాలు పద్దెనిమిది పాయింట్లకు తగ్గొద్దు, థియేటర్‌లో దీపాలు తీసేముందు అమ్మమ్మలు ఇంకోసారి చదువుకుంటారు. ఇంటర్వెల్‌లో లేడీస్ రూమ్ దగ్గర క్యూ పొడవుగా ఉంటుంది, ప్రతి పెద్దావిడతో ఒక అమ్మాయి వెళ్లాలి, ఆ జతలు నేను వేస్తాను.

సీట్లు వేసేటప్పుడు ఒకటి చేద్దాం. అమ్మానాన్నలు ఒక వరసలో, పిల్లలూ పెద్దవాళ్లూ కలిసి ముందు వరసలో. మా అమ్మ ఈసారి కూడా వస్తోంది, డిసెంబర్ 2న దిగుతుంది. ఆవిడ పక్క సీటు మా అమ్మాయికి వేయండి.

—

భోజనాల టీమ్, నవంబర్ 6, రాత్రి 10:41

ప్రింటు నాది. మూడో కారు మా ఆయన నడుపుతారు, ఇప్పుడే అడిగాను. పులిహోరకు చింతపండా నిమ్మకాయా, ఆదివారం లోపు చెప్పండి.