వాషింగ్ మెషిన్ పైపు ఊడి కింది ఫ్లాట్ దాకా నీళ్ళు... మళ్ళీ జరక్కుండా ఏం చెయ్యాలి?

రెండో ఫ్లోర్:
నమస్తే అందరికీ. మాది నిజాంపేటలో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్, మేముండేది రెండో ఫ్లోర్. మెషిన్ వంటగది వెనక యుటిలిటీలో ఉంటది, టాప్ లోడ్, కొని ఏడేళ్ళు. పోయిన వారం మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి ఖమ్మం వెళ్ళాం, రాత్రి పదకొండింటికి వాచ్‌మన్ ఫోను, అమ్మా మీ గుమ్మం కిందనుంచి నీళ్ళొచ్చి మెట్ల మీదకి పారుతున్నాయి అని. పక్కింట్లో తాళం ఇచ్చి ఉన్నాం కాబట్టి బతికిపోయాం. తీసి చూస్తే మెషిన్‌కి నీళ్ళొచ్చే పైపు ట్యాప్ నుంచి ఊడి కిందపడుంది, ట్యాప్ ఫుల్లుగా తిప్పి ఉంది. ఉతికాక ట్యాప్ కట్టెయ్యాలని నాకు ఎవరూ చెప్పలా, ఏడేళ్ళుగా అది అట్లా తీసే ఉంది మరి. కింది కప్‌బోర్డులు ఉబ్బి తలుపులు పడట్లేదు, బియ్యం బస్తా అడుగున తడిసింది.

అసలు తలనొప్పి కింది ఫ్లాట్ ఆంటీతో. వాళ్ళ వంటగది సీలింగ్ మీద పళ్ళెమంత మచ్చ, పెయింట్ మీరే వేయించాలి అంటున్నారు, అది న్యాయమే, వేయిస్తాం. కానీ మెకానిక్ వచ్చి క్లిప్పు మార్చి 450 తీసుకుని ఇంక భయం లేదు మేడమ్ అని పోయాక కూడా ఆ మచ్చ ఆరట్లేదంట, మేం ఉతికిన రోజు ఇంకాస్త చెమ్మ అవుతోందంట. మా యుటిలిటీ నేలలో నీళ్ళు పోయే జాలీలోంచి నీళ్ళు కూడా ఈమధ్య చాలా మెల్లగా పోతున్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

పైపుల బాబాయ్:
అమ్మా, మీవి రెండు వేరు వేరు రోగాలు, కలిపి చూడకండి.

మొదటిది పైపు ఊడటం. మీ ట్యాప్ మామూలు ట్యాపే అయ్యుంటది, దాని ముక్కుకి నాలుగు స్క్రూలతో పట్టుకునే ప్లాస్టిక్ ముక్క తగిలించి దానికి పైపు పెట్టుంటారు, అవునా? ఆ ముక్క రోజూ మెషిన్ ఊగుడుకి కొంచెం కొంచెం జారుతది, రాత్రి అందరూ పడుకుని ట్యాపులన్నీ కట్టేశాక ప్రెషర్ పెరిగి పుటుక్కున ఊడుతది. క్లిప్పు మారిస్తే ఏమొస్తది! మెషిన్ ట్యాప్ అని విడిగా దొరుకుతది, ముక్కుకి మరలుంటాయి, ముప్పావు అంగుళం, పైపు దానికి నేరుగా బిగుసుకుంటది. టెఫ్లాన్ టేపు గోడ వైపు మరలకి చుట్టాలి, పైపు వైపు కాదు, అక్కడ నీళ్ళాపేది లోపలి రబ్బరు వాషర్. అది కొత్తది వేసి చేత్తో బిగించి ఆపైన పావు తిప్పు చాలు, మరీ బిగిస్తే ప్లాస్టిక్ నట్టు పగులుతది. ఇంకోటి, నిమిషానికి 10 లీటర్లు వేసుకున్నా గంటకి 600 లీటర్లు, మీరు ఖమ్మంలో ఉన్నది ఎన్ని గంటలో లెక్కేసుకోండి. ఉతకడం అయ్యాక ట్యాప్ కట్టెయ్యడం కంటే మంచి మందు లేదు.

రెండోది చెమ్మ. రెండు రోజులు ఉతక్కండి. తర్వాత జాలీకి ప్లాస్టిక్ కవరులో గుడ్డ కుక్కి యుటిలిటీలో అంగుళం నీళ్ళు నిలబెట్టి గోడమీద పెన్సిల్ గీత పెట్టి 24 గంటలు చూడండి. కింద ఆంటీకి ముందే చెప్పండి, లేకపోతే ఇంకో గొడవ. గీత దిగి కింద చెమ్మ వస్తే టైల్స్ సందుల్లో లీకు. దిగకపోతే గుడ్డ తీసి రెండు బకెట్లు ఒక్కసారి పొయ్యండి, అప్పుడు కింద కారితే జాలీ కింది పైపు జాయింట్.

ఉప్పునీళ్ళు:
బాబాయ్ చెప్పింది కరెక్ట్, నేను ఇంకోటి చెప్తా. బోరు నీళ్ళయితే మెషిన్ వెనక పైపు బిగించే చోట చిన్న జల్లెడ ఉంటది, దాన్నిండా ఇసక, ఉప్పు పేరుకుంటది. అదే ఉప్పు లోపలి వాల్వ్‌లో చేరితే వాల్వ్ సరిగ్గా మూసుకోదు, కరెంట్ లేకపోయినా సన్నగా డ్రమ్ములోకి నీళ్ళు దిగుతానే ఉంటాయి. రాత్రి మెషిన్ ఆఫ్ చేసి ట్యాప్ మాత్రం తీసి ఉంచి పొద్దున డ్రమ్ము చూడండి, నీళ్ళుంటే అదే కథ. ఈ పని మీరు ఇంట్లో ఉన్న రోజే చెయ్యండి మహాతల్లీ. ఇంకా ముఖ్యం, నీళ్ళు నిండిన గదిలో స్విచ్ బోర్డు ఉంటే కాలు పెట్టేముందు మెయిన్ ఆఫ్ చెయ్యాలి. మా బాబు చెప్పులు లేకుండా పరిగెత్తబోతే గుండె ఆగినంత పనైంది.

డల్లాస్ అక్క:
మాకిక్కడ ఇల్లు చెక్కది, లాండ్రీ రూమ్ పై అంతస్తులో, కారిందంటే కింద హాలు పోయినట్టే. అందుకే మెషిన్ కింద పళ్ళెం లాంటి ట్రే, దానికి డ్రెయిన్ పైపు, నీళ్ళు తగిలితే కీచుమనే బ్యాటరీ అలారం పెట్టుకున్నాం, అలారం మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతది. రబ్బరు పైపు తీసేసి స్టీలు అల్లిక ఉన్నది వేశాం, ఐదేళ్ళకోసారి మార్చేస్తాం బాగున్నా సరే. మా ఆయన ఊరెళ్ళేటప్పుడు గ్యాస్ పొయ్యి రెండుసార్లు చూస్తాడు, ట్యాప్ ఒక్కసారీ చూడడు, అది నా డ్యూటీ.

రెండో ఫ్లోర్:
అప్‌డేట్. బాబాయ్ గారూ, నాలుగు స్క్రూల ముక్కే, అచ్చం మీరు చెప్పినట్టే! ఒక స్క్రూ తుప్పు పట్టి విరిగి ఉంది. మెషిన్ ట్యాప్ వేయించాం. గీత టెస్ట్ చేశా, 24 గంటల్లో చుక్క దిగలా. గుడ్డ తీసి రెండు బకెట్లు పోస్తే పది నిమిషాల్లో ఆంటీ పైకి ఫోన్ చేశారు, కారుతోంది కారుతోంది అని, అంటే జాయింటే. ప్లంబర్ జాలీ కప్పు తీస్తే లోపల నూలు, వెంట్రుకలు, మా చిన్నాడి సాక్సు ఒకటి, అది కనపడక స్కూల్ వాళ్ళని అనుమానించాం పాపం. నీళ్ళు పైకి ఎక్కి నిలబడేసరికి కింది జాయింట్ మీద భారం పడేదంట. ఆంటీ వాళ్ళ వైపు నుంచి జాయింట్ మార్చారు, 2200 అయింది. పెయింట్ రేపే వేయించెయ్యమంటారా?

పైపుల బాబాయ్:
వద్దమ్మా. సిమెంటు లోపల తడి ఉండగా వేస్తే నెల తిరక్కుండా పొక్కులొస్తాయి, మళ్ళీ మీదే ఖర్చు. మూడు నాలుగు వారాలు ఫ్యాను పెట్టి ఆరనివ్వండి, ఈలోపు మామూలుగా ఉతుక్కోండి, మచ్చ పెరక్కపోతే అప్పుడు పుట్టీ పెట్టించి వేయించండి. ఆంటీకి ఈ ముక్క నా పేరు మీదే చెప్పండి.