టోపో షీట్‌లో ఈ గీతలేంటండీ బాబూ

బెంగళూరులో ఉంటా, వచ్చే వారం సావనదుర్గ ట్రెక్ అని సర్వే ఆఫ్ ఇండియా టోపో షీట్ (ఎత్తుపల్లాలు చూపే మ్యాప్) దింపుకున్నా, 1:50,000 స్కేల్‌ది, చూస్తే అంతా గోధుమరంగు గీతలే, వేలిముద్రలా ఉంది. వాగేదో కొండ వెన్నేదో ఎలా తెలుస్తుంది?

> ఒక గీత పొడుగునా ఎత్తు ఒకటే బ్రో. ఈ స్కేల్‌లో మామూలుగా గీతకీ గీతకీ ఎత్తులో తేడా 20 మీటర్లు, ప్రతి ఐదోది లావుగా ఉంటుంది, ఎత్తు నంబర్ దానిమీద వెతుకు. గీతలు ఒకదాన్నొకటి రాసుకుంటుంటే అక్కడ నిట్టనిలువు బండే, సావనదుర్గ అంతా అదేగా

> వాగు దగ్గర గీత వి లా వంగి మొన ఎగువకి చూస్తుంది, వెన్ను అయితే దిగువకి. నేనోసారి తిరగేసి చదివి వాగులో దిగా, తుప్పల్లో ప్యాంటు చిరిగింది 😅

మరి 15 మీటర్ల బండ రెండు గీతల మధ్య ఉంటే?

> మ్యాప్‌లో కనపడకపోవచ్చు. కళ్ళతో చూస్కోవడమే