రక్త పరీక్షలో ఎర్రగా వచ్చినవన్నీ మానేయాలా?

పలాస కోడలు:
మా ఆయనకి రెండేళ్లుగా కడుపుబ్బరం, పొద్దున్నే మూడుసార్లు బాత్రూంకి. పరీక్షలన్నీ చేసి ఐబీఎస్ అన్నారు, అంటే పరీక్షల్లో వేరే జబ్బేదీ కనపడకపోయినా పేగులు సరిగ్గా పనిచేయకపోవడమట. తర్వాత ఎవరో చెప్తే ఫుడ్ సెన్సిటివిటీ అని రక్తం టెస్టు చేయించాం, 26 ఐటెమ్స్ పడవని ఎర్రగా వచ్చాయి, బియ్యం, గుడ్డు, పెసలు, చింతపండు కూడా! మూడు నెలల నుంచీ అన్నీ మానేసి చోడి అంబలి, ఆనపకాయ మీదే బతుకుతున్నారు, 6 కిలోలు తగ్గిపోయారు. ఇలా ఎన్నాళ్లండీ?

టెక్కలి బాబు:
నాకు ఆ టెస్టే పనిచేసిందండి. గోధుమ, పాలు ఎర్రగా వచ్చాయి, మానేశాను, ఎనిమిది నెలలుగా హాయిగా ఉన్నాను. డాక్టర్లు ఒప్పుకోరు గానీ నా కడుపు కన్నా సాక్ష్యం ఏటి కావాలి? ధైర్యంగా మానీండి.

తోటపాలెం అక్క:
తమ్ముడూ, నీకు తగ్గిందంటే నమ్ముతాను, కానీ ఆ గొప్ప టెస్టుది కాదు. గోధుమలో ఫ్రక్టాన్లు, పాలలో లాక్టోజు అని సరిగ్గా అరగని పిండిపదార్థాలు, చక్కెరలు ఉంటాయి, ఐబీఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి గ్యాస్ పట్టించేవి అవే, రక్తం ఇవ్వకపోయినా మానేస్తే తగ్గేదే. ఆ టెస్టు చూసేది రక్తంలో ఐజీజీ అనే యాంటీబాడీలు, అంటే మనం తిన్నది ఒంటికి గుర్తు ఉందా అని, పడదు అని కాదు. అందుకే రోజూ తినే బియ్యం కూడా ఎర్రగా వస్తుంది. యూరప్ ఎలర్జీ డాక్టర్ల సంఘం 2008లోనే దీన్ని వాడొద్దని చెప్పింది.

నేను విజయనగరంలో డైటీషియన్ చెప్పినట్టు లో ఫాడ్‌మ్యాప్ చేశాను, అంటే ఇలా అరగక గ్యాస్ పట్టించేవాటిని కొన్నాళ్లు ఆపి, ఒక్కోటీ తిరిగి తిని చూడడం, ఆస్ట్రేలియాలో మొనాష్ యూనివర్సిటీ వాళ్లు తెచ్చిన పద్ధతి. ఆరు వారాలు ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, పప్పులు చాలావరకు ఆపాను, అన్నం మాత్రం మామూలే. ఫ్రక్టాన్లు నీళ్లలో దిగుతాయి గానీ నూనెలో దిగవు, కాబట్టి నూనెలో వెల్లుల్లి రెబ్బలు ఎర్రగా వేపి, ఒక్కటి కూడా మిగలకుండా ఏరి పారేసి, ఆ నూనెతోనే తాలింపు పెట్టేదాన్ని, ఇల్లంతా అదే ఘుమఘుమ.

అసలు పని ఆ తర్వాతే. ఒక్కో ఐటెమ్ మూడు రోజులు, రోజురోజుకీ కొంచెం పెంచుకుంటూ తిని నోటుబుక్కులో రాశాను. పెరుగు పడింది, టీలో పాలు పడ్డాయి, గ్లాసుడు పాలు పడలేదు. గుప్పెడు జీడిపప్పు తిన్న రోజు సాయంత్రానికి పొట్ట డప్పులా అయిపోయింది, పలాస ఆవిడకి ఈ మాట చెప్పడానికి మనసొప్పట్లేదు. మిగతావన్నీ తిరిగి తింటున్నాను.

టెక్కలి బాబు:
ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఇంటిల్లిపాదికీ వంటెలా అక్కా, రెండు వంటలు చేసే ఓపిక ఎవరికుంటుంది?

తోటపాలెం అక్క:
కష్టమే, కాదనను, మా అత్తగారు రోజూ గొణిగేవారు. కానీ అది ఆరు వారాలే, నువ్వు ఎనిమిది నెలలుగా మానేసే ఉన్నావు. ఇంకో మాట, గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బుకి టెస్టు చేయించుకున్నాకే మానావా? గోధుమ ఆపేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేదనే రావచ్చు, డాక్టర్ని అడుగు.

పలాస ఆవిడా, తిండి తగ్గడం వల్లే బరువు తగ్గిందని మీరే తేల్చేసుకోవద్దు. ఈ వారమే డాక్టర్‌కి చూపించండి. విరేచనంలో రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేచి వెళ్లాల్సి రావడం ఇలాంటివేమైనా ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి.

పలాస కోడలు:
రాత్రిళ్లు లేవడం లేదక్కా, రక్తం కూడా లేదు. రేపు హాస్పిటల్‌కి వెళ్తున్నాం. ఈ రాత్రికి అన్నం వండి గుడ్డు ఉడకబెట్టాను, మూడు నెలల తర్వాత కంచం ముందు కూచుని ఆయన కాసేపు అలా చూస్తూ ఉండిపోయారు.